గర్భసంచి లోపలి పొర: ఎద నుంచి ఈనే దాకా పాడి రైతుల ప్రశ్నలు, జవాబులు

పలమనేరు, పుంగనూరు వైపు ఊళ్లలో పశువైద్యం చేస్తున్న నాకు ఏడాది పొడవునా అవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. అడిగేది ఎక్కువగా ఫోనులో, అదీ తెల్లవారుజామున, మాయ వేలాడుతున్న ఆవు పక్కన నిలబడి. అప్పుడు వివరంగా చెప్పే తీరిక నాకూ ఉండదు, వినే ఓపిక వాళ్లకూ ఉండదు. అందుకే ఇక్కడ రాసి పెట్టాను. ఈ అనుమానాల్లో సగానికి పైగా ఆవు గర్భసంచిని మనిషి గర్భసంచిలాగే ఊహించుకోవడం వల్ల పుట్టినవి. రెండూ బిడ్డను మోసేవే, కానీ లోపలి పొర నడిచే తీరు వేరు. ప్రశ్నలు అడిగినవారి మాటల్లోనే ఉంచాను.

## ఎద రోజుల్లో

ఎద అయిపోయిన రెండో రోజు తోకకు రక్తం అంటుకుని ఉంది. ఆవు ముట్టయిందా?

కాదు. ఎదలో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోను ఎక్కువై గర్భసంచి లోపలి పొరకు రక్తం బాగా పారుతుంది. ఎద ముగిసి ఆ హార్మోను పడిపోగానే పొరలోని సన్నని నాళాల నుంచి కొద్దిగా రక్తం ఊరుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో అది తీగతో, అంటే మానం నుంచి కారే జిగటతో, కలిసి బయటికి వస్తుంది. పెయ్యల్లో మరింత తరచుగా కనిపిస్తుంది. ఇక్కడ పొర ఊడిపోలేదు కాబట్టి ఇది ముట్టు కాదు.

రక్తం కనిపించిందంటే చూలు కోసం వేయించిన వీర్యం సూది వృథా అయిందని కొందరు తేల్చేస్తారు. అదీ నిజం కాదు. చూలు నిలిచిన ఆవుల్లోనూ, నిలవని వాటిలోనూ ఈ రక్తం కనిపిస్తుంది. నిజానికి ఇది రైతుకు పనికొచ్చే గుర్తు. ఎద చూడకుండా రక్తం మాత్రమే చూశారంటే, ఎద రెండు రోజుల కిందటే దాటిపోయిందన్నమాట. గోడమీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, 18, 19 రోజుల తర్వాత పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి ఆవును గమనించండి.

మనుషులకు నెలసరి ఉండి ఆవుకు ఎందుకు లేదు?

మనిషిలో గర్భసంచి పొర పిండం వస్తుందో రాదో తెలియకముందే ప్రతి నెలా ఏర్పాట్లు మొదలుపెడుతుంది. దాని కణాలు ఉబ్బి, కొత్త గుణాలు తెచ్చుకుంటాయి. అలా మారిన పొర మళ్లీ పాత స్థితికి రాలేదు. పిండం రాకపోతే ఊడిపోవలసిందే, అదే నెలసరి. పిండం వస్తే ఆ పొరే ఎదిగి దాన్ని చుట్టుకుంటుంది. వైద్యులు దాన్ని డెసిడ్యువా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు రాలిపోయేది అని అర్థం. ప్రసవమయ్యాక మాయతోపాటు రాలిపోతుంది కాబట్టి ఆ పేరు నిలిచింది. 18వ శతాబ్దంలో లండన్‌లో పనిచేసిన విలియం హంటర్ ఈ పొరను వివరంగా వర్ణించాడు.

మనిషి పిండం గర్భసంచి గోడలోకి తొలుచుకుని పోతుంది. అది హద్దు దాటకుండా నిలువరించే పని కూడా ఈ పొరదే. ఆవు పిండం తొలవదు, గోడకు ఆనుకుంటుంది, అంతే. అందువల్ల ప్రతిసారీ అంత ఏర్పాటు చేసుకోవడం, లేదంటే కూల్చేయడం ఆవుకు అవసరం లేదు.

నెలసరి ఉన్న జంతువులు చాలా తక్కువ. మనుషులు, చింపాంజీల వంటి వానరాలు, ఆసియా ఆఫ్రికాల కోతులు, కొన్ని గబ్బిలాలు, ఇంకా ఒకటి రెండు చిన్న జీవులు. ముళ్ల ఎలుకకు ఉందని 2017లోగానీ బయటపడలేదు. తిరుమల మెట్లదారిలో చేతిలోని అరటిపండు లాక్కుపోయే కోతికి నెలసరి ఉంది. కొండ కింద గోశాలలోని ఆవుకు లేదు.

మా కుక్కకు రక్తం పడుతోంది. అదైనా నెలసరేనా?

అదీ కాదు. ఆవుకు ఎద తర్వాత రక్తం కనిపిస్తే, కుక్కకు ఎదకు ముందు కనిపిస్తుంది. మగకుక్కతో జతకట్టడానికి ఒప్పుకునే రోజులు ఇంకా రాలేదని దానికి అర్థం.

చూలు నిలవకపోతే సరిగ్గా 21 రోజులకే మళ్లీ ఎదకు వస్తుంది. ఈ లెక్క ఎవరు పెడతారు?

గర్భసంచి పొరే. అండం విడుదలైన చోట అండాశయం మీద పసుపు రంగు గడ్డ ఒకటి తయారై ప్రొజెస్టెరాన్‌ను విడుదల చేస్తుంది. ఆ హార్మోను ఉన్నంతకాలం ఎద రాదు. పదహారు, పదిహేడు రోజులు ఎదురుచూసినా పిండం జాడ తెలియకపోతే లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది పక్కనే ఉన్న అండాశయానికి చేరి పసుపు గడ్డను కరిగిస్తుంది. గడ్డ కరగ్గానే మళ్లీ ఎద. ఒక్కో ఆవులో 18 నుంచి 24 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు.

1923లో లియో లోబ్ అనే శాస్త్రవేత్త గినీపందుల గర్భసంచి తీసేసి చూశాడు. అండాశయాన్ని ముట్టుకోకపోయినా పసుపు గడ్డ కరగకుండా చాలాకాలం నిలిచిపోయింది. గడియారం గర్భసంచిలో ఉందని ఆ ప్రయోగంతోనే అనుమానం మొదలైంది. ఎద సూదిమందు అని మేం వేసేది ఈ ప్రోస్టాగ్లాండినే. చూడి ఆవుకు పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే చూలు పడిపోతుంది. అందుకే వేసే ముందు చెయ్యి పెట్టి చూస్తాం. చూడకుండానే వేస్తానన్నవారిని ఆపండి.

## సూది వేయించిన మొదటి నెల

సూది వేయించి వారమైంది. పిండం ఈపాటికి గర్భసంచికి అతుక్కుని ఉంటుందా?

ఉండదు. అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో కాదు, దాని పక్కనున్న సన్నని నాళంలో. పిండం నాలుగైదు రోజులకు గర్భసంచిలోకి దిగుతుంది. తొమ్మిది పది రోజులకు తన పైపెంకు వదిలించుకుంటుంది. ఆ తర్వాత అది చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గుండ్రంగా ఉన్నది నాలుగైదు రోజుల్లో దారంలా సాగి జానెడు పొడవవుతుంది. గోడకు ఆనుకోవడం మొదలయ్యేది 19, 20 రోజుల దగ్గర. మనిషి పిండమైతే ఆరేడు రోజులకే గోడలోకి దిగిపోతుంది.

మరి అన్నాళ్లూ తిండి ఎక్కడిది అని ఒక పెద్దాయన అడిగాడు. లోపలి పొర గ్రంథుల నుంచి పోషకాలున్న ద్రవం ఊరుతుంది. దానికి గర్భసంచి పాలు అనే పేరుంది. ఆవు పొదుగులో పాలు చేపడానికి తొమ్మిది నెలల ముందే కడుపులో ఒకసారి చేపుతుందన్నమాట.

చూలు నిలిచిందని ఆవు ఒంటికి ఎలా తెలుస్తుంది?

పిండమే కబురు పెడుతుంది. దారంలా సాగే రోజుల్లో, అంటే 15 నుంచి 17 రోజుల మధ్య, అది ఇంటర్‌ఫెరాన్ టౌ అనే మాంసకృత్తును వదులుతుంది. అది తగిలిన పొర ప్రోస్టాగ్లాండిన్‌ను విడుదల చేయకుండా ఆగిపోతుంది. పసుపు గడ్డ నిలుస్తుంది, ఎద రాదు. పిండం బలహీనంగా ఉండి కబురు ఆలస్యమైతే, బతికున్న పిండాన్ని కూడా ఆవు పోగొట్టుకుంటుంది. సూది నిలవలేదు అనుకునే ఆవుల్లో చాలావాటికి నిజంగా జరిగేది ఇదే.

మూడుసార్లు సూది వేయించినా చూలు నిలవక తిరిగి పొర్లుతోంది (మళ్లీ ఎదకు వస్తోంది). గర్భసంచి కడిగిస్తే నిలుస్తుందా?

కడగాలా వద్దా అన్నది తీగను చూసి తేల్చవలసిన విషయం. ఎదలో వచ్చే తీగ పచ్చి గుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా ఉంటే పొర శుభ్రంగా ఉన్నట్టే. బాగున్న గర్భసంచిలో మందు పోస్తే అనవసరంగా పొరను రేపినట్టవుతుంది. తీగలో తెల్లటి నలకలు, చీము చారలు ఉంటే లోపల వాపు ఉంది, వైద్యం చేయించాలి.

తీగ బాగుండి కూడా పొర్లుతుంటే ముందు సూది వేళను అనుమానించండి. పొద్దున ఎద మొదలైతే ఆ సాయంత్రం, సాయంత్రం మొదలైతే మర్నాటి పొద్దున వేయించాలి. పాలు పోసి, ఇంటిపని ముగించుకుని, ఖాళీ దొరికినప్పుడు ఆవును తోలుకెళితే అండం ఆగదు. ఇక మా వైపు ఏప్రిల్, మే ఎండలు. సంకరజాతి ఆవు ఒళ్లు వేడెక్కితే మొదటి వారంలో పిండం తట్టుకోలేదు. రేకుల కొట్టంలో కట్టేసి సూది మందును తప్పుపట్టడం న్యాయం కాదు.

నాలుగు నెలల చూడి అన్నారు. ఇవాళ ఎద లక్షణాలు కనిపిస్తున్నాయి. మళ్లీ సూది వేయించాలా?

వద్దు. చూడి ఆవుల్లో కొన్ని మధ్యలో ఎద చూపిస్తాయి. గర్భసంచి మూతిని మూసి ఉన్న గట్టి జిగురును సూది గొట్టం పగలగొడితే లోపలికి క్రిములు చేరి చూలు పోతుంది. ముందు పరీక్ష చేయించండి.

## చూడి నెలల్లో

డాక్టరు చెయ్యి పెట్టి చూసి చూడి అని ఎలా చెబుతారు? లోపల ఏం తగులుతుంది?

పేడదారి గోడ అవతల గర్భసంచి ఉంటుంది. రెండో నెలలో గర్భసంచి రెండు పాయల్లో (మేం కొమ్ములంటాం) ఒకటి మరోదానికన్నా లావుగా, నీళ్లు నింపిన తిత్తిలా తగులుతుంది. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా వదిలితే ముందు లోపలి సంచి జారుతుంది, ఆ వెంటనే బయటి గోడ జారుతుంది. పట్టుచీర మడతలో లోపలి అంచు ముందు జారినట్టుంటుంది. నేర్చుకునే రోజుల్లో నాకు ఆ రెండో జారు అందడానికి చాలా ఆవులు పట్టాయి.

మూడో నెల దాటాక పొర మీద గుండీల్లాంటి బుడిపెలు వేళ్లకు తగులుతాయి. నాలుగో నెల నుంచి గర్భసంచికి వెళ్లే పెద్ద ధమని మీద వేలు ఆనిస్తే మామూలు నాడి కొట్టుకున్నట్టు ఉండదు. గొట్టంలో నీళ్లు సుడి తిరిగినట్టు జరజరమంటుంది. ఒకసారి తెలిసినవారు మరిచిపోలేరు. స్కానింగు యంత్రం ఉంటే నెల రోజులకే చెప్పవచ్చు.

ఆవు మాయ మనుషుల మాయలా ఒకే ముద్దగా ఉండదా?

ఉండదు. అన్ని ప్రశ్నలకూ తాళంచెవి లాంటిది ఇది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆవు గర్భసంచి లోపలి పొర మీద పుట్టుకతోనే 75 నుంచి 120 దాకా చిన్న బుడిపెలు ఉంటాయి. చూడి లేనప్పుడు అవి చింతగింజల్లా ఉంటాయి. పిండం తాలూకు సంచి సరిగ్గా ఈ బుడిపెలకు ఎదురుగానే వేళ్లలాంటి కుచ్చులు మొలిపిస్తుంది. ఆ కుచ్చులు బుడిపెల గుంతల్లో దూరి ఇమిడిపోతాయి. గుండీ, కాజా కలిసినట్టు. నిండు చూడి నాటికి ఒక్కో గుండీ అరచేయంత అవుతుంది. తిరుపతి పశువైద్య కళాశాలలో చదివేటప్పుడు చూడి ఆవు గర్భసంచిని కోసి పరిచి చూపించారు. పుట్టగొడుగులు విరగకాసిన పుట్టలా ఉంది.

మేకకూ, గొర్రెకూ గుండీలే ఉంటాయి, కానీ ఆవులో బుడిపె పైకి ఉబ్బి ఉంటే గొర్రెలో గిన్నెలా లోపలికి గుంటగా ఉంటుంది. గుర్రానికీ, పందికీ గుండీలు లేవు, సంచి మొత్తం గోడకు పరుచుకుంటుంది. కుక్క, పిల్లి మాయ నడికట్టులా చుట్టూ పట్టీగా ఉంటుంది. కౌండిన్య అడవి నుంచి మన చేలమీదికి దిగే ఏనుగుదీ పట్టీ మాయే, దాన్ని దాదాపు 22 నెలలు మోస్తుంది.

తల్లికి టీకాలన్నీ వేయించాం కదా, దూడకు పొట్టలోనే ఆ బలం రాదా?

రాదు. మనిషిలో మాయ కుచ్చులు తల్లి రక్తంలో నేరుగా తడుస్తాయి, రోగాన్ని అడ్డుకునే పదార్థాలు కడుపులోనే బిడ్డకు అందుతాయి. ఆవులో తల్లి పొర చెరగకుండా అడ్డుగోడలా నిలిచే ఉంటుంది. ఆహారం, ప్రాణవాయువు దాటుతాయి. రోగనిరోధక పదార్థాలు దాటవు. దూడ ఉత్తచేతులతో పుడుతుంది.

తల్లి టీకాల ఫలం దూడకు చేరే దారి ముర్రుపాలు ఒక్కటే. పేగు ఆ పదార్థాలను యథాతథంగా పీల్చుకునే శక్తి గంట గంటకూ తగ్గి, ఒక రోజులో మూసుకుపోతుంది. పుట్టిన గంట రెండు గంటల్లో మొదటి విడత పట్టాలి. మొదటి రోజుకు దూడ బరువులో పదో వంతు తక్కువ కాకూడదు. ముప్పై కిలోల సంకరజాతి దూడకు మూడు లీటర్లు. పుంగనూరు జాతి దూడ చిన్నది కాబట్టి దాని బరువుకు తగ్గట్టు. మాయ పడేదాకా పాలు పితకకూడదని ఆపేసేవాళ్లు దూడ ప్రాణంతో ఆడుతున్నారు. జున్ను వండుకోండి, వద్దనను, దూడ తాగాక మిగిలినదానితో.

ఏడో నెలలో ఈసుకుపోయింది. వేడి చేసిందంటున్నారు, నిజమేనా?

ఒక్క ఆవుకైతే దెబ్బ తగలడం, విషపు మేత వంటి కారణాలు ఉండవచ్చు. అయిదో నెల దాటాక ఈసుకుపోయి, మాయ కూడా పడకపోతే మొదట బ్రూసెల్లా రోగాన్ని అనుమానించాలి. ఆవు మాయలో ఎరిత్రిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం ఉంటుంది. ఈ క్రిమికి అదంటే ప్రీతి. అందుకే నేరుగా గుండీల్లో చేరి పెరిగి వాటిని చెడగొడుతుంది.

ఇది మనుషులకూ అంటుతుంది. వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. పడిపోయిన పిండాన్నీ, మాయనూ ఉత్తచేతులతో ముట్టుకోవద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. పచ్చిపాలు తాగవద్దు. ఆవు రక్తం పరీక్షకు పంపించండి. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేసే టీకా ఉంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో దీన్నీ చేర్చారు.

కవలల్లో ఒకటి కోడెదూడ, ఒకటి పెయ్య. పెయ్యను పాడికి పెంచుకోవచ్చా?

అమ్మకానికి ఎవరైనా తెస్తే కొనవద్దని చెబుతాను. రెండు పిండాల మాయలు కడుపులో కలిసిపోయి రక్తం పంచుకుంటాయి. మగ పిండం ప్రభావంతో పెయ్య గర్భకోశం సరిగా ఎదగదు. ఇలాంటి పెయ్యల్లో పదికి తొమ్మిదికి పైగా గొడ్డువే అవుతాయి. కోడెకు ఇబ్బంది దాదాపు ఉండదు.

## ఈనే రోజు

ఈని ఎంతసేపటికి మాయ పడాలి?

ఎక్కువ ఆవుల్లో మూడు నుంచి ఎనిమిది గంటల్లో పడిపోతుంది. పన్నెండు గంటలు దాటితే మాయ నిలిచిపోయిందని లెక్క.

మాయ వేలాడుతోంది. చేత్తో లాగేయమని ఒకరు, ఇటుకరాయి కట్టమని ఒకరు అంటున్నారు. ఏది చేయాలి?

రెండూ చేయవద్దు. వందకు దగ్గరగా ఉన్న గుండీల్లో ఒక్కో కుచ్చు కాజాలోంచి దానంతట అది వదులుకోవాలి. ఈనే ముందు రోజుల్లో హార్మోన్లు, తల్లి రోగనిరోధక కణాలు కలిసి కుచ్చును కాజాకు పట్టి ఉంచే జిగురును కరిగిస్తాయి. నెలలు నిండకుండా ఈనినా, కవలలు పుట్టినా, దూడను బలవంతంగా లాగినా, పాలజ్వరం వచ్చినా, విటమిన్ ఇ, సెలీనియం తక్కువైనా ఆ పని సగంలో ఆగిపోతుంది. కరగని జిగురును బలంతో లాగితే కుచ్చు తెగి ముక్క లోపలే కుళ్లుతుంది, లేదా తల్లి బుడిపే చిరిగిపోతుంది. చిరిగిన చోట క్రిములకు తలుపు తెరిచినట్టే. రాయి కడితే ఇంకో ప్రమాదం ఉంది. ఆవు ముక్కి ముక్కి గర్భసంచి మొత్తం బయటికి తిరగబడవచ్చు. అలా బయటపడిన సంచిని తడి దుప్పటి మీద పెట్టుకుని, గుండీల మీది పేడను ఒక్కొక్కటిగా కడుగుతూ లోపలికి తోసిన రాత్రులు నాకున్నాయి. అన్ని ఆవులూ దక్కలేదు.

చేయవలసింది తక్కువే. నేలకు ఈడ్చుకునే భాగాన్ని మడమకు పైగా కత్తిరించండి. వెనక భాగం శుభ్రంగా ఉంచండి. రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి. 103 డిగ్రీలు దాటినా, మేత మానేసినా, భరించలేని కంపు వచ్చినా అదే రోజు వైద్యుడిని పిలవండి. దూరమైతే 1962కు ఫోను చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది. ఆవు హుషారుగా మేస్తుంటే వారం పది రోజుల్లో మాయ దానంతట అదే పడిపోతుంది. చూడటానికి అసహ్యంగా ఉంటుందని తొందరపడవద్దు.

ఆస్పత్రిలో ఆడవాళ్లకు డాక్టర్లే మాయ తీస్తారు కదా, ఆవుకు ఎందుకు తీయరు?

భయపడవలసిన ప్రమాదాలు వేరు కాబట్టి. మనిషి మాయ ఒకే బిళ్ల. అది రాలిపోయే పొర మీద కూర్చుని ఉంటుంది, విడదీయడానికి సహజమైన అంచు ఉంటుంది. తల్లి రక్తనాళాలు అక్కడ తెరుచుకుని ఉంటాయి కాబట్టి మాయ ఆలస్యమైతే నిమిషాల్లో ప్రాణాంతకమైన రక్తస్రావం కావచ్చు. ఆగడమే ప్రమాదం. పాత ఆపరేషన్ గాటు మీద ఆ పొర సరిగా లేకపోతే మాయ కండలోకి పాతుకుపోతుంది, అది ఇంకా పెద్ద చిక్కు. ఆవులో తల్లి నాళాలు తెరుచుకోవు, మాయ నిలిచినా రక్తం కారదు. అక్కడ లాగడమే ప్రమాదం.

రాత్రి ఈనింది, పొద్దున చూస్తే మాయ లేదు. తినేసిందా?

తిని ఉండవచ్చు, చాలా జంతువులకు ఆ అలవాటు ఉంది. గొంతుకు అడ్డం పడటం, అజీర్తి కావడం జరుగుతుంటాయి కాబట్టి పడగానే తీసేయడం మేలు. రెండు మూడు రోజులు నెమరు, పేడ గమనించండి.

మాయను గోనెలో చుట్టి మర్రిచెట్టుకు కడితే పాలు పెరుగుతాయంటారు. కట్టాలా?

మర్రి పాలుకారే చెట్టు కాబట్టి ఆవూ అలాగే పాలివ్వాలని పెద్దల కోరిక. పాలకూ దానికీ సంబంధం లేదు. ఒకప్పుడు కుక్కలకు అందకుండా ఎత్తున కట్టడంలో కొంత తెలివి ఉండి ఉండవచ్చు. ఇప్పుడైతే కాకులు చింపి కింద పడేసిన ముక్కల్ని కుక్కలు ఊరంతా తిప్పుతాయి. బ్రూసెల్లా ఉన్న ఆవు మాయ అయితే రోగాన్ని చెట్టుకు వేలాడదీసినట్టే. చెట్టుకు దండం పెట్టుకోండి, మాయను పూడ్చండి.

## ఈనిన తర్వాత

ఈని పది రోజులైంది, ఇంకా ఎర్రగా కారుతోంది. భయపడాలా?

వాసన లేకుండా, చాక్లెట్ రంగులో చిక్కగా ఉంటే మైల పోతున్నట్టు. గుండీల పైభాగం చచ్చుబడి, సుమారు పన్నెండో రోజుకు ఊడి కరిగిపోతుంది. ఆవులో పొర ఊడడం అంటూ ఉంటే అది ఇదొక్కటే. రెండు మూడు వారాల్లో కారడం ఆగిపోవాలి. నీళ్లలా పలచగా, కంపు కొడుతూ, జ్వరంతో వస్తే గర్భసంచి చెడింది, ఆ రోజే వైద్యం కావాలి. మూడు వారాలు దాటాక తెల్లటి చీము కనిపిస్తే పొరలో వాపు మిగిలి ఉంది. ఆవు బాగానే మేస్తుంది, పాలిస్తుంది, కానీ చూలు నిలవదు.

నెలకే ఎదకు వచ్చింది. మళ్లీ సూది వేయించవచ్చా?

ఈ ఎదను వదిలేయండి. గుండీలు ఊడిన చోట కొత్త పొర కప్పుకోవడానికే సుమారు నెల పడుతుంది. గర్భసంచి ముడుచుకుని పాత పరిమాణానికి రావడానికి 40 నుంచి 45 రోజులు. మామూలుగా ఈనిన ఆవుకు రెండు నెలల దగ్గర వచ్చే ఎదలో వేయించండి. మాయ నిలిచిన ఆవుకైతే ముందు తీగ చూపించండి. ఆ తీగను గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే అవతలి మీ వేలు స్పష్టంగా కనిపించాలి.